ఇంటి గానభాండారము

మా ముందుగదిలోని బీరువా పైయరను క్యాసెట్లును, నడిమి అరలను రమారమి మూడువందల సీడీలును, అడుగు అరను మా తండ్రిగారు ముచ్చటపడి కొనిన లాంగ్‌ప్లే రికార్డులును ఆక్రమించి యుండగా, వానిని పాడించుటకై ఆయా కాలములందు కొనిన యంత్రములు, ఒకటి రబ్బరుపట్టీ సాగిపోయి, ఒకటి కటకము మసకబారి, ఒకటి సూది దొరకక, వరుసగ మూగవోయినవి. పాట ఇంటనే యున్నది. వినుటకు మాత్రము వీలు లేదు. బావినిండ నీరుండియు చేద లేనివాని దప్పికవంటి ఈ స్థితి నా యొక్కనిదే కాదనియు, పాటను ప్రేమించు గృహములు పెక్కింట నున్నదే యనియు ఎరిగినవాడ నగుటచే, రెండేండ్ల క్రిందట నేను స్వయముగ అమర్చుకొనిన ఒక సాధనమును గూర్చి, అందులకు పడిన పాట్లతో సహా, ఇచట వివరింప నెంచితిని.

దానిని నెట్‌వర్క్ మ్యూజిక్ స్ట్రీమరు అందురు. పేరు పెద్దది గాని పని చిన్నది. పాటలన్నియు ఫైళ్ల రూపమున ఒక హార్డ్‌డిస్కులో నిలువయుండగా, ఇంటి రౌటరు మార్గమున వానిని తెప్పించుకొని, అందలి అంకెలను మరల విద్యుత్తరంగములుగ మార్చి ఆంప్లిఫయరున కందించు చిన్న పెట్టె యది. ఏ పాట కావలెనో చెప్పుటకు చేతిలోని సెల్‌ఫోను చాలును. "ఫోన్‌లోంచే బ్లూటూత్ స్పీకరుకి పంపితే పోదా, మావయ్యగారూ?" అని మా అల్లుడు అడిగెను. పోవును, కాని బ్లూటూత్ సామాన్యముగ పాటను మరల కుదించి, కొంత విడిచిపెట్టి, మిగిలినది పంపును. అదియునుగాక, ఆలాపన తారస్థాయి నందుకొను సమయమున ఎవరో ఫోను చేసినచో గాయకుని కంఠ మాగి గంట మ్రోగును. స్ట్రీమరు విషయమున ఫోను ఆజ్ఞ యిచ్చునదే గాని పాట దాని గుండ పోదు.

హై-రెజల్యూషన్ అను మాట ఇట్టి సాధనము లమ్ము అంగళ్లలో మిక్కిలిగ వినబడును గనుక, దాని లెక్కను కొంచెము నిదానముగ చూడవలెను. ధ్వని యనగా గాలి యొత్తిడిలో కలుగు హెచ్చుతగ్గుల పరంపర. ఆ హెచ్చుతగ్గులను సెకనునకు ఇన్ని మార్లని కొలిచి, ప్రతి కొలతను ఒక అంకెగ వ్రాసిపెట్టుటయే డిజిటల్ రికార్డింగు. 1982లో సోనీ, ఫిలిప్స్ సంస్థలు లోకమునకు తెచ్చిన సీడీలో కుడియెడమలకు వేరువేరుగ సెకనునకు 44,100 కొలత లుండును. ఒక్కొక్క కొలత 16 బిట్ల అంకె, అనగా 65,536 మెట్లు గల నిచ్చెనపై ఒక మెట్టు. ఎన్ని మార్లు కొలిచితిమో అందులో సగమునకు లోబడిన పౌనఃపున్యములన్నింటిని ఆ కొలతలనుండియే తిరిగి నిర్మింపవచ్చునని నైక్విస్టు, షానన్ అను శాస్త్రజ్ఞుల పేరిట ప్రసిద్ధమైన సిద్ధాంతము చెప్పుచున్నది గనుక, సీడీ 22,050 హెర్ట్జుల దరిదాపుల వరకు గల శబ్దమును పట్టగలదు. యౌవనమందలి మంచి చెవి 20,000 వరకు వినును. అరువది దాటిన నా చెవికి అందులో సగము వినబడిన అదృష్టమే.

హై-రెజల్యూషన్ ఫైళ్లలో కొలత సామాన్యముగ 24 బిట్లది, అనగా 1,67,77,216 మెట్లది. కొలతలు సెకనునకు 96,000 గాని 1,92,000 గాని యుండును; వీనినే 96, 192 కిలోహెర్ట్జు లందురు. మెట్లు పెరిగినకొలది అతిసూక్ష్మధ్వనికిని అత్యుచ్చధ్వనికిని నడుమ ఇముడ్పదగిన అంతరము పెరుగును. సీడీలో అది సిద్ధాంతరీత్యా 96 డెసిబెళ్లు, 24 బిట్లలో 144. కాని తలపై ఫ్యాను తిరుగుచు, వంటయింట కుక్కరు కూయుచు, వీధిలో ఆటోలు పోవుచుండు మన ఇండ్లలో ఆ తొంబదియారే సంపూర్ణముగ వినియోగమునకు రాదు.

ఈ భేదము చెవికి తెలియునా యను ప్రశ్నకు రెండు సమాధానము లున్నవి. 2007లో అమెరికాలో మేయర్, మోరన్ అనువారు ఉన్నతశ్రేణి రికార్డింగులను ఒకమారు ఉన్నవి ఉన్నట్లును, ఒకమారు నడుమ సీడీ ప్రమాణమునకు దించియు, ఏది యేదో వినువారికిని వినిపించువారికిని తెలియకుండ పరీక్షించి చూడగా, శ్రోతలు చెప్పిన జవాబులు బొమ్మాబొరుసు వేసి చెప్పినట్లే యుండెను. 2016లో లండనులోని క్వీన్ మేరీ విశ్వవిద్యాలయమునకు చెందిన జాషువా రైస్, అట్టి 18 పరిశోధనల ఫలితములను ఒకచోట చేర్చి లెక్కింపగా, సరిగా గుర్తించిన సందర్భములు నూటికి 52.3 అని తేలినది. శిక్షణ పొందిన శ్రోతలలో ఇది ఇంకను హెచ్చు. గ్రుడ్డిగ చెప్పుటచే వచ్చునది 50 గనుక, భేద మున్నదనువారును లేదనువారును ఈ రెండంకెలనే చూపి తమ వాదము గెలిచినదని చెప్పుకొనుచున్నారు.

నా మతము వేరు. 24 బిట్లు రికార్డు చేయువానికి వరము: కంఠము ఒక్కసారి పైకి లేచినను పగిలిపోకుండునట్లు స్థాయిని తగ్గించి యుంచుకొనుటకు కావలసినంత చోటుండును. వినువానికి మాత్రము దానివలన కలుగు లాభము స్వల్పము. ఒకే సంపుటపు సీడీ ప్రతికంటె హై-రెజల్యూషన్ ప్రతి మెరుగుగ వినబడెనన్న, పెక్కుమారులు దానికి కారణము అంకెలు కావు. ఆ ప్రతిని తయారుచేసినవారు మూలపు టేపును మరల శ్రద్ధగ శుద్ధిచేసియుందురు. ఇక, సీడీ ఫైలునే తీసికొని అంకెలు సాగదీసి 192 అని పేరుపెట్టి అమ్మినచో, పాలలో నీరు కలిపి కొలత పెంచినట్లే. ఘంటసాల 1974లో స్వర్గస్థులైరి; అప్పటికి సీడీ పుట్టనే లేదు. వారి పాటల మంచి టేపునుండి 24 బిట్లలో జాగ్రత్తగ ఎక్కించిన ప్రతి దొరికినచో కండ్లకద్దుకొని కొనవలసినదే గాని, అరిగిన 78 ఆర్‌పీఎం రికార్డు బరబరలను 192లో భద్రపరచిన, ఆ బరబర మాత్రమే నిర్దుష్టముగ భద్రమగును.

చెవికి నిస్సందేహముగ తెలియు నష్టము ఎంపీత్రీలోనిది. సెకనునకు 14 లక్షల బిట్లకు పైబడిన సీడీ పాటను 1,28,000 బిట్లకు, అనగా పదునొకండవ వంతునకు కుదించుటకై, పెద్దధ్వని మాటున చిన్నధ్వని మరుగుపడునను న్యాయము నాధారము చేసికొని, వినబడదని తోచినదెల్ల అది పారవైచును. వీణమీటు అణగి అణగి శ్రుతిలో లీనమగు చోట, తాళముల మ్రోత గాలిలో వ్యాపించు చోట, ఈ పారవైచుట బయటపడును. 2001లో జోష్ కోల్సన్ వెలువరించిన ఫ్లాక్ అను పద్ధతి యిట్టిది కాదు. బట్టలు మడిచి పెట్టెలో సర్దినట్లు, ఒక్క బిట్టు పోకుండ ఫైలును ఇంచుమించు సగమునకు తెచ్చును. విప్పిన మరల మొదటిదే. సీడీలను ఫ్లాక్‌గ ఎక్కించిన గంట పాటకు నాలుగువందల మెగాబైట్ల లోపున పట్టును గనుక నా మూడువందల సీడీలకును 120 గిగాబైట్లు చాలినవి. 24 బిట్లు, 96 కిలోహెర్ట్జుల పాటకు గంటకు గిగాబైటు పైచిలుకు.

ఫ్లాక్‌నకు మన సంగీతమున మరియొక ప్రయోజన మున్నది. రాగము, తానము, పల్లవి యని సీడీలో మూడు ముక్కలుగ విభజించిన కచేరీ నిజమునకు ఒకే ప్రవాహము. ఎంపీత్రీ ఫైలు తన స్వభావముచే ప్రతి ముక్కకు ఆదియందు కొంత నిశ్శబ్దమును చేర్చును. తానము పల్లవిలోనికి జారు క్షణమున ఎక్కిలి వచ్చినట్లగును. ఫ్లాక్‌లో ఆ అతుకు వినబడదు.

ఇక యంత్రసామగ్రి. అంగడిలో సిద్ధముగ దొరకు స్ట్రీమర్లు వేలకొలది రూపాయలనుండి లక్షల వరకు గలవు. నే నెంచుకొనినది, 2012నుండి బ్రిటనులో తయారగుచున్న రాస్ప్‌బెర్రీ పై అను, ఏటీయం కార్డంత కంప్యూటరు పలక. అందు 2019లో వచ్చిన నాలుగవ తరమునది. దాని ప్రక్కనున్న ఇయర్‌ఫోను రంధ్రము హై-రెజల్యూషన్‌నకు పనికిరాదు. పలకపైనున్న 40 సూదులపై మరియొక చిన్న పలకను గ్రుచ్చవలెను. అంకెలను శబ్దముగ మార్చు చిప్పు అందుండును. దానినే డాక్ అందురు. ఈ యమరికలో డబ్బు పెట్టదగిన చోట్లలో అది యొకటి.

లోపల నడచు ప్రోగ్రాము కథ చెప్పదగినది. 2000లో షాన్ ఆడమ్స్ కాలిఫోర్నియాలో స్లిమ్ డివైసెస్ అను సంస్థను స్థాపించి, కంప్యూటరులోని పాటను నెట్‌వర్కుపై తెచ్చి పాడు పెట్టెలను చేసి అమ్మెను. 2003లో వచ్చిన స్క్వీజ్‌బాక్స్ వానిలో ప్రఖ్యాతమైనది. 2006లో లాజిటెక్ సంస్థ స్లిమ్ డివైసెస్‌ను కొనినది. 2012లో ఆ పెట్టెల తయారీని మానినది. సాధారణముగ ఇట్టి కథ ఇంతటితో ముగిసి, కొనినవాని యింట ఒక ప్లాస్టిక్ డబ్బా మిగులును. కాని కంప్యూటరునుండి ఆ పెట్టెలకు పాట నందించు సర్వరు ప్రోగ్రాము మొదటినుండి మూలముతో సహా అందరికిని బహిరంగముగ నుండుటచే, దానిని ప్రేమించినవారు ఊరకుండక, తమ తీరికవేళలలో మరమ్మతులు చేయుచు, క్రొత్త యంత్రములకు అనువుగ దిద్దుచు వచ్చిరి; 2024లో అది లిరియన్ మ్యూజిక్ సర్వర్ అను క్రొత్తపేరు దాల్చినది. చేసినవాడు విడిచిన వస్తువును వాడువారు బ్రతికించుకొనిన ఈ యుదంతము నన్ను దానివైపు మొగ్గజేసిన దనుటకు సంకోచింపను.

అమర్చుట సాయంకాలపు పని. ఆ సర్వరు పంపు పాటను పలకపై పాడుటకై పైకోర్‌ప్లేయర్ అను ఉచిత ప్రోగ్రామును కంప్యూటరులో దించుకొని మెమరీకార్డుపై వ్రాసి, కార్డును పలకలో పెట్టి, రౌటరునుండి తీగ తగిలించి, విద్యుత్తు ఇచ్చినచో ఒక నిముషములో అది మేల్కొనును. ఫోను బ్రౌజరులో దాని చిరునామా నడిగిన ఒక పుట తెరుచుకొనును. అందున్న జాబితాలో మన డాక్ పేరు నెంచి భద్రపరచి మరల మేల్కొలుపవలెను. పాటల హార్డ్‌డిస్కును యూఎస్‌బీ రంధ్రమున తగిలించి, లిరియన్ సర్వరును సైతము ఆ పలకపైనే నెలకొల్పి, పాట లున్న ఫోల్డరును చూపిన, అది యొక్కొక ఫైలును చదివి పట్టిక కట్టుకొనును. పడకగదిలో మరియొక పలక నుంచిన రెండును ఏకకాలమున ఒకే పాట పాడును.

నెట్‌వర్కు విషయమున జనులకు గల భయము అనవసరము. 192 కిలోహెర్ట్జుల 24 బిట్ల పాటకు సెకనునకు 92 లక్షల బిట్లు చాలును. సినిమా చూపు వైఫైకి ఇది బరువు కాదు. కాని వైఫైలో 5 గిగాహెర్ట్జుల తరంగము వేగముగ పోవును గాని మన యిటుకగోడలు రెండు దాటునప్పటికి నీరసించును, 2.4 తరంగము గోడలు దాటును గాని పొరుగిండ్ల రౌటర్లన్నియు అందే కిక్కిరిసి యుండును. పాట నడుమ తెగుచున్న, చర్చ మాని తీగ లాగుట మేలు. ఆ తీగను గూర్చి యొక మాట. నేను సామాన్యమైన ల్యాన్ కేబులు నడుగగా, ఒక దుకాణదారుడు వెండిపూత తీగ నొకటి చూపి, దీనితో మృదంగము నాదము విచ్చుకొనునని చెప్పి, దాని వెల నా డాక్ వెలకు రెండింతలు చెప్పెను. తీగలో పోవునది నాదము కాదు, అంకెల పొట్లములు. ఒక పొట్లము చెడిన మరల పంపుమని అడిగి తెప్పించుకొనుట ఆ పద్ధతిలోనే యున్నది. తెప్పించినవానిని కొంతసేపటికి సరిపడ ముందుగనే నిలువచేసికొని పాడును. నూరు మీటర్ల లోపున ఏ మంచి సాధారణ తీగయైనను అంకెల నొక్కటి పోకుండ చేర్చును. నేను సాధారణపు తీగనే తెచ్చుకొంటిని. మృదంగము బాగుగనే యున్నది.

ధ్వని హెచ్చుతగ్గులను ఫోనులోని మీటతో గాక ఆంప్లిఫయరు మరతో దిద్దుకొనుట మంచిది. ప్రోగ్రాము ధ్వనిని తగ్గించుట యనగా అంకెలను భాగించుటయే. ప్రతి 6 డెసిబెళ్ల తగ్గింపునకును ఒక బిట్టు చొప్పున సూక్ష్మత తరుగును. అచట నిండుగ నుంచి, ఇచట చేతితో త్రిప్పుకొనవలెను.

ఈ పనులన్నియు ఒకదినమున ముగిసినవి. ఆరునెలలు పట్టినది పేర్లు వ్రాయుట. తిరుమలలో తాళ్లపాకవారు సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించి ఆలయమునందలి అరలో భద్రపరచినప్పుడు, పాటకు మొదట రాగము పేరు చెక్కించుట మరువలేదు. ఆ పేరే లేకున్న, స్వరము లేని ఆ సాహిత్యమునకు నేడు గాన మార్గము చూపునది మరేమియు ఉండెడిది కాదు. మన ఫైళ్లకును అట్టి శిరోలేఖ యున్నది. దానిని ట్యాగు అందురు. చిక్కేమన, దాని నేర్పరచినవారు ఆర్టిస్టు, ఆల్బము, టైటిలు అని పాశ్చాత్యుల పాటకు తగినట్లు ముఖ్యముగ మూడు గళ్లు గీసిరి. మనకవి చాలవు. కృతికి వాగ్గేయకారు డొకడు, పాడినవా రొకరు, రాగ మొకటి, తాళ మొకటి. సినిమాపాటకు చిత్రము, కవి, సంగీతదర్శకుడు, గాయకులు. మాయాబజారు పాటలలో కొన్నింటికి సాలూరు రాజేశ్వరరావు వరుసలు కట్టి తప్పుకొనగా మిగిలినవి ఘంటసాల పూర్తిచేసిరి గదా, సంగీతదర్శకుని గడిలో ఎవరిని వ్రాయవలెను? నేను ఇరువురిని వ్రాసితిని.

సీడీలను ఎక్కించునప్పుడు ప్రోగ్రాములు ఇంటర్నెట్టునుండి పేర్లను తెచ్చి నింపును. ఆ పేర్లను నమ్మరాదు. నా సంగ్రహములో త్యాగరాజు ఇంగ్లీషు అక్షరములలో అయిదు విధముల వర్ణక్రమముతో అయిదుగురు వేరువేరు మనుష్యులై కూర్చుండెను. బాలమురళీకృష్ణగారు మూడు చోట్ల. ఒక సీడీ పట్టిక హంసధ్వనిని గాయకురాలిగ చూపెను. విసిగి, అన్నింటిని తెలుగు లిపిలో ఏకరీతిగ వ్రాయ మొదలిడితిని. ఫ్లాక్‌లో గడి పేరు మాత్రము ఇంగ్లీషు అక్షరములలో నుండవలెను గాని అందు వ్రాయు విషయము ఏ లిపిలోనైన నుండవచ్చును. అంతేగాక, మనకు కావలసిన క్రొత్త గళ్లను మనమే సృష్టించుకొనవచ్చును. నేను మరింత సులువైన దారి త్రొక్కి, సంగీతపు తరగతికై యుంచిన జానర్ గడిలో రాగము పేరు వ్రాసితిని. ఇప్పుడు మోహన యని యొత్తిన, ఈమని శంకరశాస్త్రి వీణయు, ద్వారం వేంకటస్వామినాయుడు వాయులీనమును, షేక్ చినమౌలానా నాదస్వరమును, నా సంగ్రహములో మోహనలో నున్నంతవరకు, ఒక్క వరుసను వచ్చి నిలుచును. వాని వెనుకనే మోహనలో కట్టిన సినిమాపాటలు. 192 కిలోహెర్ట్జులు నాకు ఈయని ఆనందమును ఈ చిన్న గడి యిచ్చినది.

ఎక్కించుట కూడ నిజాయితీగ జరుగవలెను. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ వంటి ప్రోగ్రాములు గీతలు పడిన చోట మరల మరల చదివి, వచ్చిన లెక్కను అదే సీడీ నెక్కించిన ఇతరుల లెక్కలతో పోల్చి, సరిపోయినదో లేదో చెప్పును. సరిపోయిన సీడీని మరల తాకనక్కరలేదు.

మొదట నేను పలకపై వేరొక ప్రోగ్రామును వాడుచుంటిని. ఒక వేసవి మధ్యాహ్నము కరెంటు మూడుమారులు పోయి వచ్చునప్పటికి, సరిగ కార్డుపై వ్రాయుచున్న క్షణమున విద్యుత్తు తెగి, మెమరీకార్డు పాడైనది. వ్రాసికొనిన అమరికలన్నియు పోయినవి. ఇప్పటి పైకోర్‌ప్లేయర్ మేల్కొనగనే తన్ను తాను పలకలోని ర్యామ్ మెమరీలోనికి ఎక్కించుకొని అచటనే నడచును గనుక కరెంటు కోతకు బెదరదు. హార్డ్‌డిస్కున కట్టి అభయము లేదు. దానికి ప్రతి యొకటి, వేరొక యింట నుంచవలెను. మాది మా అల్లుని యింట నున్నది.

నెలచందాతో పాటలు వినిపించు సంస్థలును ఇప్పుడు ఈ ప్రమాణములను అందుకొనినవి. యాపిల్ మ్యూజిక్ 2021 జూనునుండి 192 వరకు ఇచ్చుచున్నది. వినుటకు మంచివే. చందా ఆగిన పాట ఆగును.

గదిని మరువరాదు. పాలరాతినేల, టైల్సు, ఖాళీ గోడలు గల మన హాలులో ధ్వని అద్దములో బింబమువలె ఇటునటు కొట్టుకొనును; ఒక దళసరి జంపఖానా, రెండు పరదాలు, పుస్తకాల బీరువా చేయు మేలు లక్షరూపాయల పెట్టె చేయదు. మిగిలిన డబ్బు స్పీకర్లపై పెట్టుడు.

మొన్న ఆ బీరువా పైయరను ఖాళీ చేయుచుండగా, మా పెండ్లినాడు ఎవరో టేప్‌రికార్డరులో పట్టిన క్యాసెట్టు దొరికినది. అరువు తెచ్చిన యంత్రపు తలను స్పిరిటుతో తుడిచి, 24 బిట్లు, 48 కిలోహెర్ట్జులలో ఎక్కించితిని. క్యాసెట్టునకు అంతకు మించి అక్కరలేదు. మంగళహారతి పాడుచున్న నలుగురి కంఠములలో ఏది ఎవరిదో మా ఇంట చెప్పగలిగినది మా పెద్దత్తగారొక్కరే, ఆమెకు ఎనుబదియారేండ్లు. ఆమె చెప్పుచుండగా నలుగురి పేర్లును ట్యాగులో వ్రాసితిని. మీ అటకపై నట్టి క్యాసెట్టున్నచో, సీడీల జోలికి పోకమునుపే దానిని దింపి, పేర్లు చెప్పగలవారి చెంత కూర్చుండి వినుడు. సీడీలోని పాట అంగడిలో మరల దొరకును, అది దొరకదు.